కాళ్ళూ చేతులూ ఆడుతున్నా పక్షవాతమేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్ళు, బీపీ, షుగర్ ఉన్నాయి. పది రోజుల క్రితం నిద్ర లేస్తూనే కళ్ళు తిరిగి, వాంతులై, ఎడమవైపుకు తూలిపోయారు. చెవి సమస్య అనుకున్నాం. మర్నాటికి గొంతు బొంగురుపోయి, మంచినీళ్ళకే పొలమారింది. ఎమ్మారైలో ఎడమవైపు లేటరల్ మెడుల్లరీ సిండ్రోమ్ అని తేలింది. కాళ్ళూ చేతులూ బాగానే ఆడుతుంటే ఇది పక్షవాతం ఎలా అవుతుంది? ఆహారం కోసం ముక్కులో వేసిన గొట్టం ఎప్పుడు తీస్తారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇది స్ట్రోకేనమ్మా. మెదడు వెన్నుపాముగా మారే చోట ఉండే మెడుల్లాలో పక్కభాగానికి రక్తం అందకపోవడం వల్ల వస్తుంది. 1895లో దీనిని వివరించిన జర్మన్ వైద్యుడు వాలెన్‌బర్గ్ పేరుతోనూ పిలుస్తారు. కాళ్ళూ చేతులను కదిలించే నరాల దారి మెడుల్లా ముందుభాగం గుండా పోతుంది కనుక అది తప్పించుకుంది. మింగడాన్నీ, గొంతునూ, నడకలో నిలకడనూ చూసేవి పక్కభాగంలో ఉన్నాయి కనుక అవి దెబ్బతిన్నాయి. జాగ్రత్తగా చూస్తే ఆయన ఎడమ కనురెప్ప కాస్త వాలి, ఆ కంటిపాప చిన్నదై ఉండవచ్చు. ఎడమ చెంపకూ, కుడి కాలుచేతులకూ వేడి, నొప్పి తెలియకపోవచ్చు. తాకితే మాత్రం తెలుస్తుంది కాబట్టి, కాగిన నీళ్ళలో కుడిచేయి పెట్టినా చురుక్కుమనకపోయేదాకా చాలామంది ఈ లోపాన్ని పసిగట్టలేరు. స్నానపు నీళ్ళను ముందుగా మీరు ముట్టుకుని చూడండి. రోజుల తరబడి ఎక్కిళ్ళు వేధిస్తే చెప్పండి, మందులున్నాయి.

బీపీ, షుగర్, పొగాకు వల్ల, మెడ వెనుక నుంచి మెదడుకు రక్తం తీసుకెళ్ళే వెర్టిబ్రల్ ధమని గానీ దాని కొమ్మ గానీ పూడుకుపోవడమే సాధారణ కారణం. చిన్న వయసువారిలో ఆ ధమని లోపొర చీలడం వల్లా వస్తుంది. అందుకే క్షవరం తర్వాత మెడను టక్కుమని విరిపించుకునే అలవాటును నేను గట్టిగా వద్దంటాను.

చెవి సమస్య అని పొరబడడం వైద్యులకూ జరుగుతుంది, మిమ్మల్ని మీరు నిందించుకోకండి. అయితే తల తిరుగుడుతో పాటు నిలబడలేకపోవడం, మాట తేడా, పొలమారడం, ఒకటి రెండుగా కనిపించడం ఎప్పుడైనా ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు లక్షణాలు మొదలైనప్పటి నుంచి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. మొదట తీసిన సీటీ స్కాన్ మామూలుగా ఉన్నంత మాత్రాన నిశ్చింత పనికిరాదు. ఇప్పుడు రక్తం పలచబడే మాత్రలు, కొలెస్ట్రాల్ మాత్రలు ఒక్క పూటా మానకూడదు.

మింగడం చాలామందికి వారాల్లో, కొందరికి నెలల్లో తిరిగి వస్తుంది. మింగే శక్తిని పరీక్షించాకే గొట్టం తీస్తారు. ముందు చిక్కటి జావ వంటివి, నీళ్ళు ఆ తర్వాతే. ఈలోగా ఆయన గొంతెండిపోతోందని ఒక్క గుక్క అడిగినా జాలిపడి పోయకండి, అది ఊపిరితిత్తుల్లోకి జారితే నిమోనియా వస్తుంది. తడిగుడ్డతో పెదవులూ నాలుకా తుడవండి.