టీమ్ మొత్తానికి పరిస్థితి ఒకేలా అర్థమైందో లేదో కొలవడానికి డ్రిల్ తర్వాత సర్వే ఫారం సరిపోతుందా?

సరిపోదు. "పరిస్థితి మీకు ఎంతవరకు అర్థమైంది? 1 నుంచి 7 మధ్య మార్కు వేయండి" అంటే మీకు దొరికేది వాళ్ల ధీమా లెక్క. డ్రిల్ సాఫీగా ముగిస్తే ఆరో ఏడో వేస్తారు, తిట్లు పడితే మూడు వేస్తారు.

నేను ప్లాంట్ కంట్రోల్ రూమ్ ఆపరేటర్లకు సిమ్యులేటర్ మీద ట్రైనింగ్ ఇస్తుంటాను. డ్రిల్ మంచి ఊపులో ఉండగా చెప్పాపెట్టకుండా ఆపేస్తాం. స్క్రీన్లు ఖాళీ చేసి, ఎవరి కాగితం వాళ్లకిస్తాం. 1980ల చివర్లో పరిశోధకురాలు మైకా ఎండ్‌స్లీ పైలట్ల విషయంలో రూపొందించిన సాగాట్ పద్ధతి ఇదే. ఇప్పుడు ఏం జరుగుతోంది, దాని అర్థమేంటి, కాసేపట్లో ఏమవుతుంది అని అడుగుతాం. జవాబుల్ని ముందు సిమ్యులేటర్‌లోని అసలు రీడింగులతో, తర్వాత ఒకరివి ఇంకొకరివాటితో పోలుస్తాం.

ఒక బ్యాచ్‌ని మర్చిపోలేను. ట్యాంకు లెవెల్ పడిపోతోంది. నింపే రెండు పంపుల్లో 'ఎ' ఆగిపోయింది, 'బి' పంపుకు స్టార్ట్ కమాండ్ ఇచ్చారు. సరిగ్గా అక్కడ ఆపి "ఏ పంపు నడుస్తోంది?" అని అడిగాను. ప్యానెల్ ముందున్నతను, వాకీటాకీ పట్టుకున్న ఫీల్డ్ ఆపరేటర్, షిఫ్ట్ ఇన్‌ఛార్జ్, ముగ్గురూ "బి" అనే రాశారు. కాసేపట్లో లెవెల్ పెరుగుతుందని కూడా రాశారు. నిజానికి ఏ పంపూ నడవడం లేదు. బి మోటారు ఆంపియర్లు, అంటే అది లాగే కరెంటు, అంతసేపూ సున్నా దగ్గరే ఉన్నాయి. ఫీల్డ్ నుంచి "బి స్టార్ట్" అని వినపడింది, ప్యానెల్ అతను "ఓకే, బి రన్నింగ్" అన్నాడు, ఇన్‌ఛార్జ్ దాన్నే లాగ్‌లో ఎక్కించాడు. ఏకాభిప్రాయం నూటికి నూరు! తర్వాత ఫారం ఇస్తే ముగ్గురూ ఆరు వేసుకున్నారు.

1979 మార్చిలో అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో జరిగింది ఇలాంటిదే. వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయింది. ప్యానెల్ మీది దీపం మాత్రం మూయమని సిగ్నల్ వెళ్లిన సంగతే చెప్పింది, వాల్వ్ అసలు స్థితి చెప్పలేదు. మూసుకుందనే అందరూ అనుకున్నారు. రెండు గంటలు దాటాక, కొత్తగా లోపలికొచ్చిన మనిషికి అనుమానమొచ్చి దాని దారినే మూసేసే బ్లాక్ వాల్వ్ మూయించాడు. అందుకే నాకు గొడవపడే టీమ్ కంటే తలలూపే టీమ్‌ని చూస్తేనే టెన్షన్. వాట్సాప్‌లో "నోటెడ్ సార్" అని బొటనవేలు బొమ్మ పెట్టేసి, అందరికీ తెలిసిపోయినట్టు లెక్కేసుకునే అలవాటు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అలాగని అందరికీ అన్నీ తెలియాలని కాదు. ఇద్దరి పనికీ కావలసిన విషయాలేవో ముందే రాసుకుని వాటినే అడగాలి. నిజమైన షిఫ్ట్‌లో ప్లాంటును ఆపలేం కాబట్టి, పని నడుస్తుండగానే ఒక్కో ప్రశ్న వేసి జవాబుకు ఎంతసేపు పట్టిందో చూసే పద్ధతి కూడా ఉంది.

పైవాళ్లకు మాత్రం ఒకటే శాతం కావాలి, స్లైడ్‌లో పెట్టుకోవడానికి. పది ప్రశ్నల్లో ఇద్దరూ ఏడేసి సరిగ్గా రాస్తే సగటు 70. ఇద్దరూ తప్పింది అవే మూడైనా, వేర్వేరు మూడైనా ఆ 70 మారదు. వేర్వేరైతే ఒకరి తప్పు ఇంకొకరు పట్టుకుంటారు, అవే అయితే పట్టుకునే నాథుడే లేడు. అందుకని ఇద్దరూ ఒప్పు, ఒకరే ఒప్పు, వేర్వేరుగా తప్పు, ఒకేలా తప్పు అని నాలుగు గళ్ల పట్టిక చేసి పంపుతాను. వాళ్లు దానికీ సగటు తీస్తారు.