విల్ ఐస్నర్ దగ్గర మనం నేర్చుకోవాల్సిందేంటి?

తెలుగులో కామిక్ వేయాలని ఉంది, అందరూ విల్ ఐస్నర్ పేరే చెబుతున్నారు, ఆయన పనిలో మనకు పనికొచ్చేదేంటని అడిగారు. చాలా ఉంది.

1917లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టిన అమెరికన్ కామిక్ ఆర్టిస్ట్ ఐస్నర్, 1940 జూన్ 2న 'ది స్పిరిట్' మొదలుపెట్టారు. స్పిరిట్ అనే ముసుగు హీరో కథలతో, ఆదివారం పేపర్లతో వచ్చే 16 పేజీల కామిక్ అనుబంధం అది. అప్పట్లో ఆర్టిస్టుకు పేజీకింతని ఇచ్చేవారు, పాత్ర మాత్రం పబ్లిషర్‌దే. స్పిరిట్ తనదేనని ఈయన ముందే రాయించుకున్నారు. హైదరాబాద్‌లో మీరు ఏ స్టూడియోకి పనిచేసినా, పెన్సిల్ పట్టకముందే ఆ మాట కాగితం మీద పెట్టించండి.

స్పిరిట్ కథకు సాధారణంగా దక్కేవి ఏడు పేజీలే. అందుకే టైటిల్ అక్షరాలను భవనాల్లోనో, గాలికెగిరే కాగితాల్లోనో కలిపేసేవారు. చోటు, వాతావరణం మొదటి పేజీలోనే తెలిసిపోతే, కథ నడపడానికి ఆరు పేజీలు పూర్తిగా మిగులుతాయి. మీరూ ముందు ఒకే కాగితం మీద ఏడు చిన్న గళ్లు గీసి కథంతా సర్దండి. పేజీకి ఆరు ప్యానెళ్లు, అంటే బొమ్మల గళ్లు, చాలు. తొమ్మిదికి వెళితే తెలుగు అక్షరాలకు చోటు చాలదు.

అసలు చిక్కంతా అక్షరాల దగ్గరే. ఇంగ్లిష్ కామిక్స్‌లో అన్నీ పెద్దక్షరాలే, వరుసలు దగ్గరగా పెట్టినా ఇబ్బంది లేదు. మనకు పైన గుడి, కింద వత్తు. 'స్త్రీ' కింద 'కీ' వచ్చిందంటే రెండూ ఢీకొంటాయి. ఏ4లో అచ్చుకు ఏ3 మీద గీస్తే, అక్షరం ఒళ్లు 5 మిల్లీమీటర్లు, వరుసకూ వరుసకూ మధ్య 11 ఉంచండి; అచ్చులో 71 శాతానికి తగ్గినా చదవొచ్చు. మాటలు ముందు రాసి, వాటి చుట్టూ ఉండే బుడగ, అంటే బెలూన్, తర్వాత చుట్టండి. బెలూన్ ముందు గీస్తే చివరి మాట నలిగిపోతుంది.

వాటర్‌ప్రూఫ్ ఇంక్ ఫౌంటెన్ పెన్నులో పోయొద్దు, గడ్డకట్టి పాడవుతుంది. వానాకాలంలో ఇంక్ ఆరడానికి టైం పడుతుంది, తొందరపడి రబ్బరు పెడితే నలుపు సాగుతుంది. స్కాన్ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) చేయండి, 300 అయితే గీతల అంచులు మెట్లుమెట్లుగా వస్తాయి.

1978లో వచ్చిన ఐస్నర్ బొమ్మల కథల పుస్తకం 'ఎ కాంట్రాక్ట్ విత్ గాడ్' తప్పకుండా చూడండి. అందులో టైటిల్ రాతిపలక మీద చెక్కినట్టుంటుంది, చుట్టూ ఆగని వాన. అక్షరం కూడా బొమ్మేనని ఇంత బలంగా చూపించిన పేజీ నాకు తెలిసి అరుదు. కామిక్స్ గురించి ఆయన చెప్పిన పాఠాల్లోంచి పుట్టిన పుస్తకం 'కామిక్స్ అండ్ సీక్వెన్షియల్ ఆర్ట్' 1985లో వచ్చింది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసేటప్పుడు ఈ రెండు పేర్లూ గుర్తుంచుకోండి.