అమెరికాలో స్టేటస్ (చట్టబద్ధ నివాస హోదా) లేనివారు నిరసన సభలో మాట్లాడవచ్చా?

ప్రశ్న: 2011లో, ఎనిమిదేళ్ల వయసులో, అమ్మానాన్నలతో హెచ్-4 వీసా (ఉద్యోగ వీసా ఉన్నవారి కుటుంబానికి ఇచ్చేది) మీద టెక్సాస్ వచ్చాను. 21 నిండగానే ఆ హోదా పోయింది. ఐ-94 (దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ప్రవేశ పత్రం, ఎన్నాళ్లు ఉండవచ్చో అందులో ఉంటుంది) గడువు కూడా దాటి రెండేళ్లయింది. నేను గేనని ఇంట్లో తెలియదు. నాలాంటి యువత జరిపే సభలో మాట్లాడమంటున్నారు. మాట్లాడితే డిపోర్ట్ చేస్తారా?

జవాబు: మాట్లాడటం నేరం కాదు. అమెరికాలో నివసించే విదేశీయులకూ వాక్ స్వాతంత్ర్యం ఉందని అక్కడి సుప్రీంకోర్టు 1945లోనే బ్రిడ్జెస్ కేసులో చెప్పింది. అయితే స్టేటస్ లేని వ్యక్తి ‘నా అభిప్రాయాలు నచ్చకే నన్ను పంపేస్తున్నారు’ అన్న వాదనతో డిపోర్టేషన్‌ను సాధారణంగా ఆపలేడని అదే కోర్టు 1999లో తేల్చింది. మొదటి తీర్పు ఒక్కటే చూపి ధైర్యం చెప్పే మిత్రులు సగమే చెబుతున్నారు.

2010 మే 17న టూసాన్‌లోని సెనేటర్ జాన్ మెకెయిన్ కార్యాలయంలో డ్రీమ్ చట్టం (చిన్నప్పుడే వచ్చి పత్రాలు లేకుండా ఉన్న యువతకు హోదా ఇవ్వాలన్న ప్రతిపాదన) కోసం బైఠాయించి అరెస్టయిన వారిలో ఇరాన్‌లో పుట్టిన గే యువకుడు మొహమ్మద్ అబ్దొల్లాహి ఒకరు. అలాంటి పోరాటాల ఒత్తిడి నడుమ 2012 జూన్ 15న ప్రకటించిన డాకా (అలాంటి యువతను తాత్కాలికంగా డిపోర్ట్ చేయకుండా ఆపే పథకం) మీకు వర్తించదు. దానికి 2007 జూన్ 15 నుంచి అక్కడే ఉండి ఉండాలి. పైగా ప్రకటన నాటికి స్టేటస్ ఉండకూడదు. ఆనాడు మీరు సక్రమంగా ఉండటమే ఇప్పుడు అడ్డయింది.

సభలో మాట్లాడటం వేరు, రోడ్డు మీద బైఠాయించడం వేరు. అరెస్టయితే జైలులో తీసుకునే వేలిముద్రలు ఎఫ్‌బీఐ ద్వారా, ఇమిగ్రేషన్ వ్యవహారాలు చూసే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖకు చేరతాయి. తరువాత కేసు కొట్టేసినా అవి వెనక్కి రావు. ‘సిటిజనా?’ అని ఎవరడిగినా మౌనంగా ఉండండి గాని అవునని అనకండి. సభల దగ్గర ఓటరు నమోదు బల్ల కూడా వేస్తారు. అక్కడి ఫారంలో పౌరుడినన్న గడిలో టిక్కు పెడితే గ్రీన్ కార్డుకు దాదాపు మినహాయింపు లేని శాశ్వత అడ్డంకి వస్తుంది.

మీ ఐ-94 కాపీని భద్రంగా దాచుకోండి. మీరు తనిఖీ అయి దేశంలోకి వచ్చారనడానికి అదే రుజువు. రేపు మీరు అమెరికా పౌరుణ్ని నిజాయితీగా పెళ్లాడితే, గడువు దాటి ఉన్నప్పటికీ, దేశం విడవకుండానే గ్రీన్ కార్డు కోరవచ్చు. ఈలోగా ఇండియాకు వచ్చి వెళ్దామనుకోకండి. పదేళ్లు తిరిగి రానివ్వరు.

గే కావడం వల్ల స్వదేశంలో వేధింపులు ఉంటాయంటూ ఆశ్రయం కోరడానికి, దేశంలోకి వచ్చిన నాటి నుంచి ఏడాది గడువు నియమం ఉంది. 2018లో మన సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలు నేరం కాదంటూ సెక్షన్ 377 విషయంలో ఇచ్చిన తీర్పు తరువాత ఆ కేసు నెగ్గడం ఇంకా కష్టం.

సభ వీడియో బంధువుల వాట్సాప్‌కు చేరడానికి ఒక పూట చాలు, కాబట్టి ఇంట్లో ముందుగా చెప్పాలో వద్దో మీరే నిర్ణయించుకోండి. వెళ్లేముందు ఇమిగ్రేషన్ లాయరు నంబరు ముంజేతి మీద పెన్నుతో రాసుకోండి. ఫోను మీ చేతిలో ఉంటుందన్న భరోసా లేదు. ఆ లాయరుతో మాట్లాడనిదే ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.