చెన్నై వరదల్లో డ్రోన్‌తో సెల్ సిగ్నల్ ఇవ్వొచ్చా?

"వరదల్లో టవర్లు ఆగిపోతే డ్రోన్లు ఎగరేసి సిగ్నల్ ఇవ్వొచ్చు కదా, చెన్నైలో ఎందుకు చేయరు?" అని అడిగారు. మాది నెల్లూరు, ఇక్కడ చెన్నైలో సెల్ టవర్ సైట్ల మెయింటెనెన్స్‌లో పని చేస్తున్నాను.

ఇవ్వొచ్చు, ఇచ్చారు కూడా. 2017లో మరియా తుఫాను దెబ్బకి ప్యూర్టోరికోలో నెట్‌వర్క్ కుప్పకూలితే, అమెరికా ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ వాళ్లు చిన్న హెలికాప్టర్ లాంటి డ్రోన్‌ని 200 అడుగుల దాకా లేపి కాల్స్, మెసేజ్‌లు నడిపించారు. దానికి గాలిపటం దారంలా కింద నుంచి ఒక తీగ ఉంటుంది. కరెంటూ, డేటా అందులోనే వెళ్తాయి. మామూలు డ్రోన్ బ్యాటరీతో అరగంట ఎగిరితే గొప్ప, దాన్ని నమ్ముకుని నెట్‌వర్క్ నడపలేం.

ఇక మన చెన్నై సంగతి. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గర, కానీ అంతకుముందే చెన్నైని ముంచేసింది. వేళచ్చేరి, పళ్లికరణై వైపు నేను చూసిన సైట్లలో టవర్లు నిక్షేపంగా నిలబడే ఉన్నాయి. లేనిది కరెంటు. బ్యాటరీలు కొన్ని గంటల్లో అయిపోయాయి, కొన్నిచోట్ల డీజీ (డీజిల్ జనరేటర్) నీళ్లలో మునిగింది. డీజీ బాగున్న చోటికేమో డీజిల్ వెళ్లే దారి లేదు. క్యాన్లు పడవలో వేసుకుని వెళ్లి, లిఫ్ట్ ఆగిపోయిన అపార్ట్‌మెంట్లలో టెర్రస్ దాకా మోశాం. ప్రతి ఫ్లోర్‌లోనూ ఎవరో ఒకరు తలుపు తీసి "సిగ్నల్ ఎప్పుడొస్తుంది తంబీ" అని అడగడమే!

అక్కడ డ్రోన్ లేపాలన్నా కింద ఒక జనరేటర్ కావాలి. అది పెట్టేంత పొడి నేల ఉండి, దానికి డీజిల్ చేరితే, ఆ డీజిల్‌తో టవర్‌నే నడిపించొచ్చు. టవర్‌ని నెట్‌వర్క్‌తో కలిపే ఫైబర్ కేబుల్ తెగితే డ్రోన్‌కి శాటిలైట్ లింక్ కూడా కావాలి. తుఫాను గాలిలో ఎలాగూ ఎగరదు, వెలిశాకే. పైగా విమానాశ్రయం దగ్గర కాబట్టి అనుమతి లేకుండా ఎగరనివ్వరు.

టవరే పడిపోయిన చోట, రోడ్డు తెగిన కొండ ఊళ్లలో మాత్రం డ్రోన్ నిజంగా అక్కరకొస్తుంది. మా పనిలోనూ ఒక ఉపయోగం ఉంది. వాన తర్వాత తడిసిన టవర్ ఎక్కకుండానే, యాంటెన్నా పక్కకి తిరిగిందా, కేబుల్ ఊడిందా అని కెమెరాతో చూసుకోవచ్చు.

మీ కాలనీ కోసం ఏమైనా అడగాలనుకుంటే, డీజీ దిమ్మ ఎత్తు పెంచమనండి. డ్రోన్ కన్నా బోలెడు చవక.