శరదృతువు చివర్లో వలస పిట్టలను ఎక్కడ వెతకాలి?

వార్బ్లర్ల (పురుగులు ఏరుకుతినే చిన్న పిట్టల) సందడి సెప్టెంబరుతోనే అయిపోయిందని, అక్టోబరు నెలాఖరుకు అడవి బోసిగా కనిపిస్తున్నదని, ఉత్తర అమెరికాలో ఆలస్యంగా వలస వెళ్లే చిన్న పిట్టలు నవంబరులో కూడా దొరుకుతాయా అని మీరు అడిగారు. తప్పకుండా దొరుకుతాయి, కానీ సెప్టెంబరులో వెతికినట్టు వెతికితే దొరకవు. అప్పుడు ప్రతి చెట్టు మీదా పురుగు ఉంటుంది కాబట్టి ఎటు నడిచినా ఏదో ఒక పిట్ట ఎదురవుతుంది. చలి ముదిరాక మాత్రం తిండి, ఎండ, గాలి మరుగు మూడూ కలిసిన కొద్దిపాటి చోట్లకే అవి చేరుకుంటాయి. అందువల్ల ఈ కాలంలో ఎక్కువ దూరం తిరగడం కంటే అలాంటి చోటు ఒకటి చూసుకుని ఓపికగా నిలబడడమే మేలని నా అనుభవం.

ముందుగా ఏ పిట్టలు మిగులుతాయో తెలిస్తే వెతుకులాట సగం తేలికవుతుంది. పురుగుల మీదే ఆధారపడి దక్షిణ అమెరికా దాకా వెళ్లేవి తొందరగా దాటిపోతాయి. పండో గింజో తిని కూడా బతకగలిగేవి, అంత దూరం వెళ్లనవసరం లేనివి తీరికగా కదులుతాయి. ఎల్లో రంప్డ్ వార్బ్లర్ దీనికి మంచి ఉదాహరణ. బేబెర్రీ, వ్యాక్స్ మర్టిల్ కాయల మీద ఉండే మైనపు పూతను అరిగించుకునే శక్తి దానికి ఉంది, మిగతా వార్బ్లర్లకు ఆ వసతి లేదు. రెడ్ సీడర్ చెట్టు పక్కన కదలకుండా నిలబడితే ఈ పిట్ట చేతికందేంత దూరంలోకి వస్తుంది: బూడిదపొడి చల్లినట్టున్న నీలి కాయను ముక్కుతో తెంపి, ఒక్కసారి తల పైకెత్తి మింగి, మరో కొమ్మకు ఎగిరేటప్పుడు తోక మొదట్లో ఉన్న పసుపు మచ్చ తళుక్కుమంటుంది. అనుభవజ్ఞులు చాలామంది దీన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు గానీ, అది పొరపాటని నా అభిప్రాయం. ఆరెంజ్ క్రౌన్డ్ వార్బ్లర్ వంటి ఆలస్యపు పిట్ట చాలాసార్లు ఈ గుంపులోనే కలిసి ఉంటుంది.

నేల దగ్గర వెతకవలసినవి వేరు. హెర్మిట్ థ్రష్ పొదల కింద రాలిన ఆకులను తిరగేస్తూ ఉంటుంది. దాని దగ్గరి బంధువులైన స్వెయిన్సన్స్ థ్రష్, గ్రే చీక్డ్ థ్రష్ శీతాకాలానికి ఉష్ణమండలానికి వెళ్లిపోతాయి కాబట్టి, నవంబరులో మచ్చల రొమ్ముతో కనిపించే చిన్న థ్రష్ చాలావరకు ఇదే అయి ఉంటుంది. నిర్ధారణకు తోకను చూడండి: వీపు కంటే ఎర్రగా ఉంటుంది, ఆగినప్పుడల్లా చటుక్కున పైకి లేచి మెల్లగా కిందికి దిగుతుంది. ఇక ఎండుటాకుల మీద కోడి గీరుతున్నట్టు రెండు కాళ్లతో గట్టిగా చప్పుడు వినిపిస్తే ఫాక్స్ స్పారోనో, వైట్ త్రోటెడ్ స్పారోనో అయ్యే అవకాశం ఉంది.

ఏ రోజు వెళ్లాలన్నది గాలి చెబుతుంది. ఈ పిట్టలలో ఎక్కువ భాగం రాత్రిపూట ప్రయాణిస్తాయి. కోల్డ్ ఫ్రంట్ (చల్లగాలిని వెంటబెట్టుకొచ్చే వాతావరణ అంచు) దాటిపోయి, ఆకాశం తేటపడి, ఉత్తరపు గాలి వీచిన రాత్రి అవి పెద్ద ఎత్తున దక్షిణానికి బయలుదేరి, తెల్లవారేసరికి దిగి తిండి కోసం వెతుక్కుంటాయి. రాత్రి వలసను రాడార్‌తో గమనించే బర్డ్‌కాస్ట్ వారి పటాలు చూస్తే ముందు రాత్రి ఎంత కదలిక ఉందో అంచనాకు వస్తుంది. అలాగని మర్నాడు చీకటితోనే పరుగెత్తనవసరం లేదు. మంచు పట్టిన ఉదయాన పురుగులు కదలవు, పిట్టలూ కనబడవు. ఎండ సోకి చెట్ల అంచు వెచ్చబడే వేళకు, అంటే ఎనిమిది, తొమ్మిది గంటల ప్రాంతంలో, తూర్పు దిక్కుకో ఆగ్నేయానికో తిరిగి ఉన్న అడవి అంచున నిలబడండి. పక్కన నీరుంటే మరీ మంచిది, ఎందుకంటే నీటి మీద పుట్టే చిన్న దోమజాతి పురుగులు చలిలోనూ కాస్త ఎండ తగలగానే లేస్తాయి. మురుగునీటి శుద్ధి చెరువుల గట్లు ఇందుకు శ్రేష్ఠమైన చోట్లు. ఇంట్లోవాళ్లను వెంట రమ్మని పిలవదగ్గ విహారస్థలాలు కావనుకోండి, అయినా ప్రవేశానికి అనుమతి ఉంటే వదులుకోవద్దు.

స్థానికంగా ఏడాది పొడవునా ఉండే చికడీ, టిట్‌మౌస్ అనే చిన్న పిట్టల గుంపులను కూడా వదలకండి. దారిలో ఆగిన వలస పిట్టలు వాటి వెంట తిరుగుతాయి, ఎందుకంటే తిండి జాడా, డేగ రాకా ముందుగా తెలిసేది ఆ గుంపులకే. చికడీల అరుపు వినగానే ఆగి, గుంపు మొత్తం మీ ముందు నుంచి దాటిపోయేవరకు ప్రతి కదలికనూ బైనాక్యులర్‌తో చూడండి. చివరగా వచ్చే ఒంటరి పిట్టే చాలాసార్లు మనకు కావలసినది. ఐరోపాలోనూ ఇదే పద్ధతి పనిచేస్తుంది. సైబీరియా వైపు నుంచి వచ్చే ఎల్లో బ్రౌడ్ వార్బ్లర్‌ను అక్కడి వారు చికడీల బంధువులైన టిట్ గుంపులలోనే గాలిస్తారు.

గుర్తుపట్టే విషయానికి వస్తే, వసంతంలోని రంగులు, పాటలు ఇప్పుడు ఉండవు. కాబట్టి కదలికకూ, పొట్టి కూతకూ, తోక కింది రంగుకూ ప్రాధాన్యమివ్వాలి. పామ్ వార్బ్లర్ ఆగకుండా తోక ఊపుతుంది, రూబీ క్రౌన్డ్ కింగ్లెట్ క్షణానికోసారి రెక్కలు విదిలిస్తుంది. ఆరెంజ్ క్రౌన్డ్ వార్బ్లర్‌కు ఒళ్లంతా మాసిన ఆకుపచ్చే అయినా తోక కింద మాత్రం పసుపు స్పష్టంగా ఉంటుంది. అదే చోట తెలుపు ఉంటే టెనెస్సీ వార్బ్లర్ కావచ్చు, అప్పుడు తొందరపడకుండా మళ్లీ చూడాలి. గొంతు విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ పాటలను బాగానే పట్టుకుంటుంది గానీ, ఒక్క అక్షరమంత పొట్టి కూతల దగ్గర దాని మాటను నేను సూచనగానే తీసుకుంటాను, కంటితో చూడనిదే రాసుకోను.

ఆ కాలానికి దాటిపోయి ఉండవలసిన పిట్ట కనబడితే, ఎంత మసకగా ఉన్నా సరే, ముందు ఫొటో తీయండి. చూసిన పిట్టలను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో తేదీకి అసహజమైన పిట్టను నమోదు చేస్తే, నమోదులను సరిచూసేవారు వివరాలు అడుగుతారు. రెక్క మీది గీతలు, తోక కింది భాగం కనిపించే ఫొటో ఒకటి ఉంటే చర్చ అక్కడితో తేలిపోతుంది. నోటితో "పిష్ పిష్" మని పిలిచి పొదలోంచి బయటికి రప్పించే అలవాటు మీకుంటే, ఒకటి రెండుసార్లతో ఆపేయండి. పగటి వేళ తక్కువైన ఈ రోజుల్లో ఆ పిట్టకు రాత్రి ప్రయాణానికి సరిపడా కొవ్వు కూడబెట్టుకోవడానికి ఉన్నవి కొద్ది గంటలే.