మడతబందులకు ఫుల్ ఆటోమేటిక్ ఇప్పుడే వద్దండీ

తణుకు దగ్గర షెడ్డులో కబోర్డు మడతబందుల విడిభాగాలు కలిపి బిగించడానికి ఫుల్ ఆటోమేటిక్ మెషిన్ కొనాలా, ముక్కలు మనిషి చేత్తో పెట్టే సెమీ ఆటోమేటిక్ సరిపోతుందా అని అడిగారు కదండీ, పైగా నాలుగు రకాలు చేస్తామని, ఆర్డర్లు ఒక నెల ఉంటే ఇంకో నెల ఉండవని మీరే రాశారు. అలాగైతే నా ఓటు సెమీకే.

ఫుల్ ఆటోమేటిక్‌లో అసలు తలనొప్పి రివెట్ కొట్టే దగ్గర కాదు, విడిభాగాలు అందించే దగ్గర. బౌల్ ఫీడర్ అని అదురుతూ తిరిగే గిన్నె ఉంటుంది చూడండి, దాని అంచు వెంట ఉండే దారి మామూలుగా ఒక్క భాగం కొలతకే చేసి ఉంటుంది, 35 మిల్లీమీటర్ల కప్పు (తలుపులోకి దిగే గుండ్రటి భాగం) నుంచి 26కి మారారంటే గిన్నె, ముక్కని కదలకుండా పట్టి ఉంచే జిగ్గు మళ్ళీ ఖర్చే. ప్రెస్‌లో కోసిన రేకుకి కాస్త గరుకు మిగిలినా అక్కడే ఇరుక్కుని లైన్ మొత్తం ఆగిపోతుంది. సెమీలో అయితే చేత్తో పెట్టే మనిషే ఆ ముక్కని పక్కన పడేస్తాడు. కాకపోతే రెండు చేతులతో నొక్కే బటన్లు లేని మెషిన్ ఎంత చవగ్గా ఇస్తామన్నా తీసుకోకండి, వేళ్ళు పోతాయి.

మన డెల్టా తేమ సంగతి తెలిసిందేగా, మెషిన్‌ని నడిపే కంప్రెసర్ గాలిలో నీళ్ళు చేరి వాల్వులు పాడవుతాయి. ఏది కొన్నా ఆ గాలిలో తేమ తీసేసే ఎయిర్ డ్రయ్యర్ పెట్టించండి.

ఒకే రకం బందు ఏడాది పొడుగునా రెండు షిఫ్టులు నడిచే ఆర్డరు చేతికొస్తే లెక్క మారుతుంది. అప్పుడు ఆ ఒక్క రకానికి ఆటోమేటిక్ చూడండి, కానీ అడ్వాన్స్ ఇచ్చేముందు మీ సొంత సరుకు ఒక బస్తా పట్టుకెళ్ళి మెషిన్ అమ్మేవాళ్ళ దగ్గరే షిఫ్టంతా తిప్పించండి, వాళ్ళు ఏరి పెట్టుకున్న శాంపిల్స్‌తో కాదు.