బాండు డబ్బుతో టీచర్ల జీతాలు ఎందుకివ్వరు?

ప్రశ్న: 2024 నవంబరులో మా శాన్ ఫ్రాన్సిస్కోలో స్కూలు భవనాల కోసం 79 కోట్ల డాలర్ల బాండు (ప్రాపర్టీ టాక్సుతో తీర్చే అప్పు) ఓటింగులో నెగ్గింది. ప్రాపర్టీ టాక్సు కట్టేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. స్కూలు డిస్ట్రిక్టేమో బడ్జెట్లో లోటుందంటోంది. మరి ఈ డబ్బంతా ఏమవుతున్నట్టు? నాకింకా గ్రీన్ కార్డే. పౌరసత్వం లేని తల్లిదండ్రులకి కూడా ఇక్కడ ఓటుందని మా పక్కింటాయన అంటాడు. నిజమేనా?
— ఒక పాఠకుడు

జవాబు: బాండు డబ్బుతో జీతాలివ్వడం కుదరదండీ. 2000లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 39 అందుకు ఒప్పుకోదు. స్కూలు బాండు నెగ్గడానికి అంతకుముందు మూడింట రెండొంతుల ఓట్లు కావాల్సివచ్చేది. దాన్ని 55 శాతానికి దించుతూ, బదులుగా ఈ షరతు పెట్టారు. ఆ డబ్బు కట్టడాలకీ, మరమ్మతులకీ, సామగ్రికీ వాడొచ్చు. టీచర్ల జీతాలకి ఒక్క డాలరు కూడా మళ్ళించకూడదు. కాబట్టి ఒకపక్క కొత్త పైకప్పు పడుతుంటే ఇంకోపక్క ఉద్యోగాలు పోవడంలో మోసమేమీ లేదు. చూడ్డానికి మాత్రం ఒళ్ళు మండుతుంది, ఒప్పుకుంటాను.

మీ ఇంటికి లెక్కకట్టిన విలువ మీద పడే పన్ను రేటులో 1 శాతానికి పైన ఉండేది ఓటర్లు ఒప్పుకున్న అప్పుల తాలూకుది. అందులో స్కూళ్ళ వాటా ఈ ఒక్క బాండుది కాదు. మీ ఊరు 2003లో 29.5 కోట్లు, 2006లో 45, 2011లో 53.1, 2016లో 74.4 కోట్ల డాలర్ల బాండ్లకి సరేనంది.

మా ఊళ్ళో ఇలాంటి బాండు డబ్బు ఎలా ఖర్చవుతోందో చూడ్డానికి వేసిన పౌర పర్యవేక్షణ కమిటీలో కొన్నాళ్ళు కూర్చున్నదాన్ని. అందరూ 'ఎంత' అని అడుగుతారు, 'ఎన్నాళ్ళు' అని అడిగేవాళ్ళు తక్కువ. నన్నడిగితే అసలు చూడాల్సింది అదే. శాన్ డియేగో దగ్గర పోవే స్కూలు డిస్ట్రిక్టు 2011లో 10.5 కోట్ల డాలర్లు అప్పు తెచ్చింది. మొదటి ఇరవయ్యేళ్ళూ పైసా కట్టక్కర్లేదు. మొత్తం తీరేసరికి దాదాపు 98 కోట్లవుతుంది! ఆ గోలయ్యాకే, 2013లో, అలాంటి బాండ్లకి పాతికేళ్ళు మించి గడువు ఉండకూడదనీ, తిరిగి కట్టేది అసలుకి నాలుగింతలు దాటకూడదనీ చట్టం తెచ్చారు.

గోడకీ పైకప్పుకీ పాతికేళ్ళ అప్పంటే నాకు అభ్యంతరం లేదు, అవి అన్నాళ్ళూ ఉంటాయి. నాలుగేళ్ళకి మూలపడే లాప్‌టాప్‌లకి దీర్ఘకాలపు అప్పు పెడితే మాత్రం ఊరుకోకండి. మీ ఊళ్ళో ఇలాంటి కమిటీ సమావేశాలకి ఎవరైనా వెళ్ళొచ్చు, గ్రీన్ కార్డు చాలు, అదీ అడగరు. ఏ పద్దుకి ఎన్నేళ్ళ బాండు అమ్మారో అక్కడ నిలదీసి అడగండి.

ఇక ఓటు సంగతి. మీ పక్కింటాయన చెప్పింది సగమే నిజం. 2016లో మీ ఊరు ఆమోదించిన ప్రొపొజిషన్ ఎన్ వల్ల, 19 ఏళ్ళలోపు పిల్లలున్న తల్లిదండ్రులకి పౌరసత్వం లేకపోయినా స్కూలు బోర్డు ఎన్నికలో ఓటుంది. అదొక్కటే. బాండు మీద ఓటు పౌరులకే. బోర్డు ఓటుకి ఫారం వేరు. మామూలు ఓటరు ఫారంలో పొరపాటున పౌరుణ్ణని సంతకం పెడితే మీ గ్రీన్ కార్డుకే ముప్పు. అసలు ఫారం నింపినా ఆ వివరాలు ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి చేరొచ్చని ఎన్నికల శాఖే నోటీసులో హెచ్చరిస్తుంది. ముందది చదవండి, లాయరుతో మాట్లాడాకే ఫారం ముట్టుకోండి.